కాజిల్, పసిఫిక్, డచెస్: బ్రిటన్ ఆవిరి ఇంజన్లలో ఏది గొప్పదన్న వాదన ఎందుకు తెగదు

క్లుప్తంగా: 1923 నుంచి 1947 చివరిదాకా బ్రిటన్ రైళ్లను నాలుగు పెద్ద కంపెనీలు నడిపాయి. ఒక్కో కంపెనీ తనకు అనుకూలమైన కొలతను ముందు పెట్టి, తమ ఇంజనే గొప్పదని చాటుకుంది. ఒకరు లాగుడు బలం చూపిస్తే, ఇంకొకరు వేగం చూపించారు, మరొకరు బొగ్గు లెక్క చూపించారు. ఈ అంకెల్లో చాలావరకు నిజమే. కానీ అవి ఒకే విషయాన్ని కొలవవు. ఇంజన్ ఏ బొగ్గుతో నడిచింది, ఏ వంతెనలు దాటింది, ఎలాంటి పట్టాల మీద పరుగెత్తింది అనేవి వదిలేసి పోల్చితే తప్పుడు జవాబే వస్తుంది.

వెంబ్లీలో పక్కపక్కన

1924లో లండన్ శివారు వెంబ్లీలో బ్రిటిష్ ఎంపైర్ ఎగ్జిబిషన్ జరిగింది. అక్కడ రెండు ఇంజన్లను పక్కపక్కన నిలబెట్టారు. ఒకటి ఎల్ఎన్ఈఆర్ కంపెనీది, లేత పచ్చ రంగులో మెరిసిపోతున్న 'ఫ్లయింగ్ స్కాట్స్‌మన్'. రెండోది గ్రేట్ వెస్టర్న్ కంపెనీది, ముదురు పచ్చ మీద రాగి, ఇత్తడి సొగసులతో ఉన్న 'కేర్‌ఫిలీ కాజిల్'. ఎవరు చూసినా మొదటిదే పెద్దదనేవారు. దాని బరువు 92 టన్నులు. కాజిల్ 80 టన్నులు కూడా తూగదు. అయినా బ్రిటన్‌లోకెల్లా శక్తిమంతమైన ఎక్స్‌ప్రెస్ ప్యాసింజర్ ఇంజన్ తమదేనని గ్రేట్ వెస్టర్న్ ఆ చిన్న ఇంజన్ దగ్గరే బోర్డు పెట్టింది.

జనం తికమకపడ్డారు. రైల్వే ఇంజనీర్లకు పౌరుషం వచ్చింది. రైలు పుట్టి 200 ఏళ్లయిన సందర్భంగా 2025లో బ్రిటన్ ఉత్సవాలు చేసుకున్నప్పుడు ఈ పాత ఇంజన్ల పేర్లన్నీ మళ్లీ వార్తల్లోకి వచ్చాయి. వాటితోపాటు పాత ప్రశ్న కూడా వచ్చింది: వీటిలో ఏది గొప్పది?

నాలుగు కంపెనీలు, నాలుగు వారసత్వాలు

మొదటి ప్రపంచ యుద్ధానికి ముందు బ్రిటన్‌లో చిన్నా పెద్దా కలిపి వందకు పైగా రైల్వే కంపెనీలు ఉండేవి. యుద్ధకాలంలో ప్రభుత్వమే వాటిని నడిపించింది. ఆ తర్వాత వాటిని మళ్లీ విడివిడిగా వదిలేస్తే చాలా కంపెనీలు దివాలా తీసేలా ఉన్నాయి. అందుకే 1921లో చట్టం చేసి, 1923 జనవరి 1 నుంచి దాదాపు అన్నింటినీ నాలుగు గుంపులుగా కలిపారు: గ్రేట్ వెస్టర్న్, లండన్ మిడ్‌లాండ్ అండ్ స్కాటిష్ (ఎల్ఎంఎస్), లండన్ అండ్ నార్త్ ఈస్టర్న్ (ఎల్ఎన్ఈఆర్), సదరన్.

కలపడం నలుగురికీ ఒకేలా జరగలేదు. గ్రేట్ వెస్టర్న్ తన పేరు, తన స్విండన్ వర్క్‌షాపు, తన పద్ధతులు అన్నీ నిలుపుకుంది. చిన్న కంపెనీలే వచ్చి దానిలో కలిశాయి. ఎల్ఎంఎస్‌లో మాత్రం క్రూ, డెర్బీ, హార్విచ్ అనే మూడు పెద్ద వర్క్‌షాపులు, నిన్నటిదాకా ఒకదానికొకటి పడని కంపెనీలవి, ఒకే గొడుగు కిందికి వచ్చాయి. ఎల్ఎన్ఈఆర్ బొగ్గు గనుల రవాణా మీద బతికే కంపెనీ, డబ్బుకు ఎప్పుడూ కటకటే. సదరన్ ఆదాయంలో ఎక్కువ భాగం లండన్ శివారు ప్రయాణికులది కాబట్టి అది పెట్టుబడిని కరెంటు రైళ్ల మీదికి మళ్లించింది. ఇంజన్ డిజైన్లలోని తేడాల్లో సగం ఇక్కడే మొదలయ్యాయి.

బోర్డు మీది అంకె ఏం చెబుతుంది?

గ్రేట్ వెస్టర్న్ గొప్పగా చూపించుకున్న అంకెను ట్రాక్టివ్ ఎఫర్ట్ అంటారు. తెలుగులో లాగుడు బలం అనుకోవచ్చు. దీన్ని రైలు నడిపి కొలవరు, కాగితం మీదే లెక్క కడతారు. బాయిలర్ పీడనంలో 85 శాతం తీసుకుని, సిలిండర్ల వ్యాసం, పిస్టన్ కదిలే దూరం, చక్రాల వ్యాసం ఒక సూత్రంలో వేస్తే పౌండ్లలో జవాబు వస్తుంది. కాజిల్‌కు 31,625 పౌండ్లు. ఫ్లయింగ్ స్కాట్స్‌మన్‌కు 29,835. అందుకే బోర్డు మీది మాట సాంకేతికంగా అబద్ధం కాదు.

కానీ ఈ సూత్రంలో బాయిలర్ ఎంత ఆవిరి చేయగలదన్నది ఎక్కడా రాదు. బండి నిలబడి ఉన్నప్పుడు, కదలడం మొదలుపెట్టినప్పుడు ఎంత బలంగా లాగగలదో మాత్రమే ఇది చెబుతుంది. గంటకు 100 కిలోమీటర్ల వేగంతో మూడు గంటలపాటు బరువైన రైలును లాగాలంటే కావలసింది ఆగకుండా వచ్చే ఆవిరి. అది బొగ్గు మండే జాలీ విస్తీర్ణం మీద, అంటే గ్రేట్ మీద చాలావరకు ఆధారపడుతుంది. కాజిల్ గ్రేట్ 30 చదరపు అడుగుల పైచిలుకు. ఫ్లయింగ్ స్కాట్స్‌మన్‌ది 41 దాటింది. కాగితం మీద చూస్తే, ఈ లెక్కన పెద్ద ఇంజనే గెలవాలి.

ప్రచారం కోసం ఈ అంకె వెంట పడటం ఎక్కడిదాకా వెళ్లిందో చెప్పడానికి కింగ్ క్లాసు చక్కని ఉదాహరణ. 1926లో సదరన్ కంపెనీ ఇంజనీర్ మాన్సెల్ 'లార్డ్ నెల్సన్' తెచ్చాడు. దాని లాగుడు బలం 33,510 పౌండ్లు. గ్రేట్ వెస్టర్న్ బోర్డు ఒక్కసారిగా పాతబడింది. ఆ కంపెనీ జనరల్ మేనేజర్ ఫెలిక్స్ పోల్‌కు 40,000 దాటిన అంకె కావాలి. ముఖ్య ఇంజనీర్ కాలెట్ బృందం బాయిలర్ పీడనాన్ని చదరపు అంగుళానికి 225 నుంచి 250 పౌండ్లకు పెంచింది, పిస్టన్ దూరాన్ని 26 నుంచి 28 అంగుళాలకు పెంచింది. అయినా 40,000 రాలేదు. అప్పుడు చక్రాల వ్యాసాన్ని 6 అడుగుల 8.5 అంగుళాల నుంచి 6 అడుగుల 6 అంగుళాలకు తగ్గించారు, సిలిండర్‌ను 16 నుంచి 16.25 అంగుళాలకు తొలిచారు. చక్రం కాజిల్ కొలతలోనే ఉంచి ఉంటే లెక్క సుమారు 39,000 దగ్గరే ఆగేది. సిలిండర్ 16 అంగుళాలే ఉంచినా అంతే. రెండూ కలిసి 40,300 అయింది. 1927లో వచ్చిన మొదటి ఇంజన్ 'కింగ్ జార్జ్ ఫైవ్' అదే ఏడాది అమెరికా ప్రదర్శనకు వెళ్లి, బహుమతిగా వచ్చిన గంటను ముందు తగిలించుకుని తిరిగొచ్చింది.

దానికి చెల్లించిన మూల్యం ఇరుసు బరువు. కింగ్ ఒక్కో ఇరుసు మీద 22.5 టన్నులు మోపుతుంది. అంత బరువు మోయగల వంతెనలు కొన్ని ప్రధాన మార్గాల్లోనే ఉన్నాయి. అందుకే 30 కింగ్‌లు మాత్రమే తయారయ్యాయి. దాదాపు ప్రతి ప్రధాన మార్గానికీ వెళ్లగలిగిన కాజిల్ క్లాసు మాత్రం 171 దాకా పెరిగింది. కంపెనీకి రోజూ డబ్బు సంపాదించిపెట్టింది ఎవరన్నది ఈ రెండు అంకెల్లోనే ఉంది.

1925: ఎవరి పట్టాల మీద ఎవరి ఇంజన్

వెంబ్లీ గొడవ తేలాలంటే ఒకటే దారి, నడిపి చూడటం. 1925 వసంతంలో రెండు కంపెనీలూ ఇంజన్లు మార్చుకున్నాయి. గ్రేట్ వెస్టర్న్ నుంచి 'పెండెనిస్ కాజిల్' లండన్ కింగ్స్ క్రాస్‌కు వెళ్లింది. ఎల్ఎన్ఈఆర్ నుంచి ఫ్లయింగ్ స్కాట్స్‌మన్ క్లాసుకే చెందిన 'విక్టర్ వైల్డ్' ప్యాడింగ్టన్‌కు వచ్చింది.

కింగ్స్ క్రాస్ స్టేషన్ నుంచి బయటికి రావడం ఏ ఇంజన్‌కైనా పరీక్షే. ప్లాట్‌ఫామ్ దాటగానే సొరంగాలు, పైకి ఎక్కే వాలు, సొరంగంలో తడిసి జిడ్డు పట్టిన పట్టాలు. బరువైన రైలుతో బయల్దేరితే చక్రాలు జారి అక్కడికక్కడే తిరగడం అక్కడి సిబ్బందికి అలవాటే. పైగా వచ్చింది చిన్న ఇంజన్. లాగలేక ఇబ్బంది పడుతుందని చాలామంది అనుకున్నారు. పెండెనిస్ కాజిల్ మాత్రం పెద్దగా జారకుండా కదిలి, ఫిన్స్‌బరీ పార్క్‌ను ఆరు నిమిషాల లోపే దాటింది. ఆ రెండున్నర మైళ్ల దూరంలో అక్కడి పసిఫిక్ రకం ఇంజన్లకు (ముందు నాలుగు చిన్న చక్రాలు, మధ్యలో ఆరు పెద్ద చక్రాలు, వెనుక రెండు చిన్న చక్రాలు ఉండేవి) అలాంటి సమయం అలవాటు లేదు. తర్వాత కొలిస్తే రెండు మార్గాల్లోనూ కాజిల్‌కే తక్కువ బొగ్గు ఖర్చయిందని తేలింది.

కాజిల్ బొగ్గు జాలీ చిన్నది, బరువు తక్కువ, అయినా పని ఎక్కువ. దీనికి కారణం సిలిండర్లకు ఆవిరిని పంపే వాల్వుల్లో ఉంది. సిలిండర్‌లోకి ఆవిరిని పిస్టన్ చివరిదాకా వదలాల్సిన పని లేదు. పిస్టన్ కొంత దూరం వెళ్లగానే ఆవిరి దారి మూసేస్తే, లోపల చిక్కిన ఆవిరి తనంతట తానే వ్యాకోచిస్తూ పిస్టన్‌ను మిగతా దూరం తోస్తుంది. ఎంత తొందరగా మూస్తే అంత పొదుపు. కానీ అప్పటి మామూలు వాల్వులు తక్కువ దూరం కదిలేవి. తొందరగా మూయాలని చూస్తే, వాడేసిన ఆవిరి బయటికి పోయే దారి కూడా ఇరుకైపోయేది. పాత ఆవిరి లోపలే అడ్డుపడి, కొత్త ఆవిరి పనిని చెడగొట్టేది.

గ్రేట్ వెస్టర్న్‌లో జి.జె. చర్చ్‌వర్డ్ 1900ల తొలి ఏళ్లలోనే ఈ చిక్కు విప్పాడు. ఫ్రెంచి ఇంజన్లను కొని తెప్పించి తన పట్టాల మీద నడిపించి చూశాడు. అమెరికా బాయిలర్ల ఆకారాన్ని అధ్యయనం చేశాడు. చివరికి వాల్వు ఎక్కువ దూరం కదిలేలా, దారులు బాగా తెరుచుకునేలా చేశాడు. కాజిల్ అతని 'స్టార్' క్లాసు ఇంజన్‌కే పెద్ద రూపం. చర్చ్‌వర్డ్ పేరు సామాన్య జనానికి తెలియదు, వేగం రికార్డులు అతని ఖాతాలో లేవు. కానీ 20వ శతాబ్దపు బ్రిటిష్ ఇంజన్ చరిత్రలో అసలు మలుపు అతనిదే అనడానికి ఆధారాలు బలంగా ఉన్నాయి.

ఎల్ఎన్ఈఆర్ ఇంజనీర్ నైజెల్ గ్రెస్లీ ఓటమిని సాకులతో దాటేయలేదు. వాల్వు కదిలే దూరాన్ని సుమారు 4.5 అంగుళాల నుంచి 5.75 అంగుళాలకు పెంచి ప్రయోగాలు చేయించాడు. అంతకుముందు మైలుకు దాదాపు 50 పౌండ్ల బొగ్గు తినే ఇంజన్ 40 లోపుకు దిగింది. బాయిలర్ అదే, చక్రాలూ అవే. మారింది వాల్వులను కదిలించే అమరిక మాత్రమే. ఆ తర్వాత ఆ క్లాసంతా ఈ మార్పు పొందింది. 1928 మే 1 నుంచి లండన్, ఎడిన్‌బరా మధ్య 392 మైళ్లు మధ్యలో ఎక్కడా ఆగకుండా నడపగలగడం వెనుక ఈ పొదుపు ఉంది. ఒకే సిబ్బంది ఎనిమిది గంటలకు పైగా నడపలేరు కాబట్టి, ఇంజన్ వెనుక బొగ్గు, నీళ్లు మోసే టెండర్ బండి పక్కగా ఒక మనిషి పట్టేంత సన్నని నడవా పెట్టారు. సగం దారిలో రెండో డ్రైవర్, బొగ్గు వేసే ఫైర్‌మన్ పెట్టెల్లోంచి ఆ నడవా గుండా వచ్చి డ్యూటీ ఎక్కేవారు.

బొగ్గు కూడా ఇంజన్‌లో భాగమే

గ్రేట్ వెస్టర్న్‌కు సౌత్ వేల్స్ గనులు సొంత ఇలాకాలోనే ఉన్నాయి. అక్కడి స్టీమ్ కోల్ నెమ్మదిగా, పొగ తక్కువగా, గట్టి వేడితో మండుతుంది. స్విండన్ ఫైర్‌బాక్సులు (బొగ్గు మండే పెట్టెలు) ఆ బొగ్గు కోసమే పుట్టాయి. అక్కడి ఫైర్‌మన్ నిప్పును మందంగా, తలుపు వైపు గడ్డివాములా ఎత్తుగా పేర్చేవాడు. అది లోలోపలే కాలుతూ గంటల తరబడి వేడిని ఇస్తుంది. యార్క్‌షైర్ గట్టి బొగ్గుకు ఆ పద్ధతి పనికిరాదు. దాన్ని పలచగా, కొద్దికొద్దిగా, తరచూ వేయాలి. దానికి వెడల్పాటి గ్రేట్ బాగా నప్పుతుంది. గ్రెస్లీ పసిఫిక్ ఇంజన్ల వెడల్పు ఫైర్‌బాక్సులో ఈ సంగతి కూడా ఇమిడి ఉంది. ఒక కంపెనీ ఇంజన్‌ను ఇంకో కంపెనీ బొగ్గుతో నడిపి, ఇది పనికిరాదని తేల్చేయడం అన్యాయం.

ఎల్ఎంఎస్: ఇంట్లో పోరు, బయటి మనిషి

విలీనం తర్వాత ఎల్ఎంఎస్‌లో డెర్బీ వర్గానిదే పైచేయి అయింది. పాత మిడ్‌లాండ్ కంపెనీ పద్ధతి చిన్న ఇంజన్లు, తేలిక రైళ్లు, ఎక్కువ సర్వీసులు. బరువు పెరిగితే రెండు ఇంజన్లు కట్టడమే. మిడ్‌లాండ్ మార్గంలో అది నడిచింది. లండన్ నుంచి గ్లాస్గో వెళ్లే పశ్చిమ తీర మార్గం వేరు. షాప్, బీటాక్ కొండలు ఎక్కాలి, రైళ్లు బరువైనవి. రెండు ఇంజన్లంటే ఇద్దరు డ్రైవర్లు, ఇద్దరు ఫైర్‌మన్లు, రెట్టింపు మరమ్మతు.

1926లో ఎల్ఎంఎస్ యాజమాన్యం గ్రేట్ వెస్టర్న్ నుంచి 'లాన్సెస్టన్ కాజిల్' అరువు తెచ్చి ఆ మార్గంలో నడిపించింది. ఫలితం చూశాక, అప్పటిదాకా సొంత ఇంజనీర్లు గీస్తున్న డిజైన్‌ను పక్కన పెట్టేసింది. గ్లాస్గోలోని నార్త్ బ్రిటిష్ లోకోమోటివ్ కంపెనీకి 50 ఇంజన్లు ఆర్డర్ చేసింది. సదరన్ వాళ్ల లార్డ్ నెల్సన్ డ్రాయింగులు కూడా తెప్పించి సాయంగా ఇచ్చారు. 1927లో 'రాయల్ స్కాట్' క్లాసు అలా పుట్టింది. పోటీ కంపెనీలంటే ఒకరి రహస్యాలు ఒకరికి తెలియవని అనుకుంటాం కానీ, ఇంజన్లూ డ్రాయింగులూ అవసరమైతే గోడ దాటి వెళ్లేవి.

1932లో మనుషులే దాటారు. స్విండన్‌లో రెండో స్థానంలో ఉన్న విలియం స్టానియర్‌ను ఎల్ఎంఎస్ ముఖ్య మెకానికల్ ఇంజనీర్‌గా తెచ్చుకుంది. క్రూ వాడూ కాదు, డెర్బీ వాడూ కాదు కాబట్టి వర్గపోరు చల్లారింది. అతనితోపాటు వాలుగా సన్నబడే బాయిలర్, పెద్ద బేరింగులు, దూరం కదిలే వాల్వులు వచ్చాయి. 1934లో మొదలైన 'బ్లాక్ ఫైవ్' ప్యాసింజర్‌కూ గూడ్సుకూ, కొండకూ మైదానానికీ పనికొచ్చింది. 1951 దాకా 842 తయారయ్యాయి. ఏ రికార్డూ లేని ఈ నల్ల ఇంజన్‌ను చాలా జాబితాలు పట్టించుకోవు. ఆవిరి చివరి రోజులదాకా బ్రిటన్‌లో బండి లాగింది మాత్రం అదే.

స్టానియర్ తెచ్చిన ప్రతిదీ పని చేయలేదు. ఆవిరిని పొడిగా, మరింత వేడిగా చేసే సూపర్‌హీటర్ స్విండన్‌లో చిన్నదిగా ఉండేది. మంచి బొగ్గు, స్థిరమైన నడక ఉన్నచోట అది సరిపోయింది. ఎల్ఎంఎస్‌లో రకరకాల బొగ్గు, రకరకాల సిబ్బంది. 'జూబిలీ' క్లాసు ఇంజన్లకు ఆవిరి చాలక టైమ్ తప్పడం మొదలైంది. అప్పటికే చాలా ఇంజన్లు ఆర్డర్లో ఉన్నాయి. సూపర్‌హీటర్ గొట్టాలు పెంచి, పొగగొట్టం కింద ఆవిరి చిమ్మే మూతిని ఇరుకు చేశాకే దారిలో పడ్డాయి. గ్రేట్ వెస్టర్న్ ఇంట్లో పండిన విత్తనం పక్క పొలంలో వేస్తే ఎరువు మార్చాల్సి వచ్చిందన్నమాట.

వేగం పందెం వెనుక ఒక ఒప్పందం

1888లో, 1895లో లండన్ నుంచి స్కాట్లండ్‌కు తూర్పు, పశ్చిమ మార్గాల కంపెనీలు బహిరంగంగా పందెం వేసుకున్నాయి. 1895 ఆగస్టులో పశ్చిమ మార్గపు రైలు అబర్డీన్‌కు 540 మైళ్లు 512 నిమిషాల్లో చేరింది. మరుసటేడు జులైలో ప్రెస్టన్ దగ్గర వంపులో మరీ వేగంగా వెళ్లిన ఎక్స్‌ప్రెస్ పట్టాలు తప్పింది. జనం భయపడ్డారు. కంపెనీలు రాజీకొచ్చాయి. పగటి ఎక్స్‌ప్రెస్‌లు లండన్ నుంచి ఎడిన్‌బరాకు 8 గంటల 15 నిమిషాల కంటే తక్కువలో వెళ్లకూడదన్న ఒప్పందం 1932 దాకా నడిచింది. 1928లో ఆగకుండా నడిచిన ఫ్లయింగ్ స్కాట్స్‌మన్ రైలు కూడా నిజానికి ఆ నెమ్మది టైమ్‌టేబుల్ ప్రకారమే నడిచింది.

ఒప్పందం పోయాక కట్టలు తెగాయి. రోడ్డు, విమానం, జర్మనీ డీజిల్ రైళ్లు అన్నీ ఒత్తిడి పెంచాయి. 1934 నవంబర్ 30న ఫ్లయింగ్ స్కాట్స్‌మన్ గంటకు 100 మైళ్లు అందుకుంది. 1935 సెప్టెంబర్‌లో గ్రెస్లీ కొత్త ఏ4 ఇంజన్ 'సిల్వర్ లింక్' గాలిని చీల్చే వాలు ముఖంతో 112.5 మైళ్లు చేరింది. 1937 జూన్ 29న ఎల్ఎంఎస్ 'కొరొనేషన్' ఇంజన్ 114 మైళ్లు తాకింది. అయితే క్రూ స్టేషన్ ఇంకో రెండు మైళ్లే ఉందనగా ఆ వేగం అందుకుంది. 20 మైళ్ల వేగంతో దాటాల్సిన మలుపు పట్టాల మీదికి 57 మైళ్ల వేగంతో దూసుకొచ్చింది. రైలు పట్టాలు తప్పలేదు. డైనింగ్ కార్‌లో పింగాణీ మాత్రం నేల మీద ముక్కలైంది.

1938 జులై 3న 'మాలార్డ్' ఆ లెక్క తేల్చింది. అయిదు నెలల వయసు కూడా నిండని ఇంజన్, వెనుక కొలత పరికరాల పెట్టెతో కలిపి ఏడు పెట్టెలు, 240 టన్నులు. బ్రేకు పరీక్షలని పైకి చెప్పి బయల్దేరారు. గ్రాంథమ్ దగ్గర ట్రాక్ పని వల్ల నెమ్మదించాల్సి వచ్చినా, డ్రైవర్ జో డడింగ్టన్, ఫైర్‌మన్ టామీ బ్రే స్టోక్ శిఖరాన్ని గంటకు 75 మైళ్ల దరిదాపుల్లో దాటించారు. అక్కణ్నుంచి దిగువ వాలు. 126 మైళ్లు, అంటే దాదాపు 203 కిలోమీటర్లు. 1936 మేలో జర్మనీ 05 002 ఇంజన్ నెలకొల్పిన 200.4 కిలోమీటర్ల రికార్డు పోయింది. గ్రెస్లీ స్వయంగా 125 మైళ్లనే ఒప్పుకునేవాడు, క్షణకాలపు 126ను లెక్కలోకి తీసుకోలేదు.

ఆ పరుగులో మధ్య సిలిండర్ బేరింగ్ కాలిపోయింది. బేరింగ్ మరీ వేడెక్కితే పగిలి ఘాటైన సోంపు వాసన వదిలే చిన్న గుళికను ముందే అందులో పెట్టి ఉంచారు. ఆ వాసన క్యాబ్‌లోకి రాగానే వేగం తగ్గించారు. మాలార్డ్ పీటర్‌బరో దాకా నెమ్మదిగా వెళ్లి ఆగిపోయింది. మిగతా దూరం రైలును లాగింది అట్లాంటిక్ అనే రకానికి చెందిన ఒక పాత ఇంజన్. కాలింది మధ్య బేరింగే కావడం యాదృచ్ఛికం అనిపించదు. గ్రెస్లీ పద్ధతిలో మధ్య సిలిండర్ వాల్వుకు సొంత యంత్రాంగం ఉండదు. బయటి రెండు వాల్వుల కదలికను మీటలతో కలిపి దానికి అందిస్తారు. పిన్నులు అరిగేకొద్దీ మధ్య వాల్వు ఉండాల్సిన దానికంటే ఎక్కువ కదులుతుంది. మధ్య సిలిండర్ తన వాటాకు మించి పని చేస్తుంది. యుద్ధకాలంలో మరమ్మతులు వాయిదా పడ్డప్పుడు ఈ లోపం బాగా బయటపడింది.

పార చేతిలో ఉన్న హద్దు

1937 నుంచి వచ్చిన 38 కొరొనేషన్ ఇంజన్లను చాలామంది 'డచెస్' అనే పిలుస్తారు. 50 చదరపు అడుగుల గ్రేట్, 40,000 పౌండ్ల లాగుడు బలం. 1939 ఫిబ్రవరి 26న 'డచెస్ ఆఫ్ అబర్‌కార్న్' 20 పెట్టెలు, 600 టన్నులకు పైగా బరువుతో గ్లాస్గో, క్రూ మధ్య నడిచి, సిలిండర్లలో 3,300 హార్స్‌పవర్ చూపింది. ఆవిరి యుగపు బ్రిటన్‌లో అంత శక్తి మరే ఇంజన్ దగ్గరా నమోదు కాలేదు.

కానీ ఆ రోజు క్యాబ్‌లో ఇద్దరు ఫైర్‌మన్లు ఉన్నారు. ఒక మనిషి గంటకు సుమారు 3,000 పౌండ్లు, అంటే దాదాపు 1,360 కిలోల బొగ్గు పారతో వేయగలడు. అదీ ఊగే ఇనుప నేల మీద నిలబడి, ఒళ్లు మాడే మంట ముందు. అంతకంటే శక్తి కావాలంటే బొగ్గును యంత్రమే నెట్టాలి. అమెరికాలో అలాంటి స్టోకర్లు మామూలే. బ్రిటన్ రైళ్ల బరువుకు ఆ ఖర్చు గిట్టదనుకున్నారు. కాబట్టి డచెస్ అసలు బలం మామూలు రోజుల్లో ఎన్నడూ పూర్తిగా బయటపడలేదు.

సదరన్ సంగతి క్లుప్తంగానే చెప్పుకోవచ్చు. 1930 నాటి 'స్కూల్స్' క్లాసు హేస్టింగ్స్ మార్గంలోని ఇరుకు సొరంగాలకు సరిపోయేలా గీసిన చిన్న ఇంజన్. ఆ చక్రాల అమరికలో యూరప్‌లోకెల్లా బలమైనదిగా నిలిచింది. 1941లో ఆలివర్ బులీడ్ తెచ్చిన 'మర్చంట్ నేవీ' అద్భుతమైన బాయిలర్‌ను, గొలుసులతో నడిచి నూనె తొట్టిలో మూసి ఉంచిన వాల్వు యంత్రాంగాన్ని ఒకే చోట పెట్టింది. బాయిలర్ గెలిచింది, నూనె కారే తొట్టి ఓడింది. 1956 నుంచి ఆ ఇంజన్లను మామూలు వాల్వులతో తిరగకట్టారు.

1948లో కొలిచి చూస్తే

1948 జనవరి 1న నాలుగు కంపెనీలూ జాతీయమయ్యాయి. ఆ ఏడాదే అన్ని ప్రాంతాల ఇంజన్లనూ మార్చి మార్చి నడిపించారు. ఒక హార్స్‌పవర్‌ను గంటసేపు రైలుకు అందించడానికి ఎంత బొగ్గు ఖర్చయిందో కొలిస్తే ఏ4కు 3.06 పౌండ్లు, డచెస్‌కు 3.12. కింగ్ 3.5 పౌండ్లు దాటింది. 1925లో గెలిచిన కంపెనీ ఇంజన్ ఈసారి వెనకబడింది.

కారణాలు విడదీస్తే ఈ ఫలితం అర్థమవుతుంది. కింగ్‌కు ఇచ్చింది యార్క్‌షైర్ బొగ్గు. తర్వాత వేల్స్ బొగ్గుతో మళ్లీ నడిపితే దాని అంకె మెరుగుపడింది. రెండోది, గ్రేట్ వెస్టర్న్ ఒకప్పుడు 7 అడుగుల వెడల్పు పట్టాల కంపెనీ. ఆ పాత గేజ్ 1892లో పోయినా, దాని కోసం కట్టిన వెడల్పు జాగా మిగిలింది. ఆ జాగాకు తగ్గట్టు గీసిన కింగ్ మిగతా ప్రాంతాల్లో ప్లాట్‌ఫామ్ అంచులకు తగిలేలా ఉంటుంది. అందుకే ఎక్కువ మార్గాల్లో దాన్ని నడపనే లేదు. మూడోది, చర్చ్‌వర్డ్ పాఠాన్ని 1927 తర్వాత మిగతావాళ్లు నేర్చుకుని ముందుకు వెళ్లారు, స్విండన్ అక్కడే ఉండిపోయింది. బొగ్గు లెక్కలో గెలిచిన ఏ4 ఇంజన్లకేమో పరీక్షల మధ్యలోనే బేరింగులు వేడెక్కి ఆగిపోవాల్సి వచ్చింది. ఇక డ్రైవర్లలో కొందరు బొగ్గు మిగల్చడం కోసం నెమ్మదిగా నడిపారు, ఇంకొందరు తమ ఇంజన్ సత్తా చూపాలని ఉరికించారు. ఆ అంకెల్లో మనుషుల స్వభావం కూడా కలిసి ఉంది.

స్టానియర్ ఇండియా ప్రయాణం

ఇంజన్‌ను అది నడిచే పట్టాల నుంచి విడదీసి చూడకూడదన్న విషయం మన దేశంలో ప్రాణాల మీదికే వచ్చింది. 1937 జులై 17న బిహార్‌లోని బిహ్టా దగ్గర ఎక్స్‌ప్రెస్ పట్టాలు తప్పి వందమందికి పైగా చనిపోయారు. లాగుతున్నది ఎక్స్‌బీ క్లాసు పసిఫిక్ ఇంజన్. మన నాసిరకం బొగ్గును మండించడానికి వెడల్పు ఫైర్‌బాక్సుతో గీసిన డిజైన్ అది. వేగం పెరిగితే ముక్కు అటూ ఇటూ ఊగుతూ, బలం తక్కువైన పట్టాలను పక్కకు నెట్టేదన్న ఫిర్యాదులు అంతకుముందే ఉన్నాయి. పసిఫిక్ ఇంజన్ల మీద విచారణకు వేసిన కమిటీలో స్టానియర్ సభ్యుడిగా 1938-39 శీతాకాలంలో ఇండియా వచ్చాడు. అదే క్లాసు ఇంజన్లు గట్టి ట్రాక్ మీద ఒకలా, బలహీనమైన ట్రాక్ మీద ఇంకోలా ప్రవర్తించడాన్ని ఆ కమిటీ పరిశీలించింది. ఇంజన్ ముందుండే చిన్న చక్రాల చట్రం (బోగీ) పక్కకు ఊగకుండా పట్టి ఉంచే ఏర్పాటు మీద, పట్టాల స్థితి మీద కలిపి దృష్టి పెట్టింది.

1947లో అమెరికా బాల్డ్విన్ కంపెనీ నుంచి మొదటి డబ్ల్యూపీ ఇంజన్లు దిగాయి. గుండ్రటి ముక్కు మీద వెండి నక్షత్రంతో మెయిళ్లను లాగిన ఆ ఇంజన్లు తెలుగు నేల మీద పెద్దవాళ్లకు ఇప్పటికీ గుర్తే. వాటి ఫైర్‌బాక్సు కూడా వెడల్పే, ఎందుకంటే వాటి టెండర్లో పోసింది మన బొగ్గే.